కర్నూలు పాతబస్తీలో స్కౌటు దుస్తుల దుకాణం: చరిత్ర తెలిసిన కుట్టుపని

కర్నూలు చుట్టుపక్కల ఏ ఉన్నత పాఠశాలలోనైనా స్కౌటు దళం నడిపే ఉపాధ్యాయుడికి బడులు తెరిచిన నెలలో మొదట ఎదురయ్యే చిక్కు దుస్తులదే. పిల్లలు ఉత్సాహంగా పేర్లు ఇస్తారు, తల్లిదండ్రులు ఒప్పుకుంటారు, ప్రధానోపాధ్యాయులు సంతకం చేస్తారు. స్టీల్ గ్రే చొక్కా, నేవీ బ్లూ నిక్కరు, స్కార్ఫు, దాన్ని మెడ దగ్గర బిగించే వాగిల్, బెరెట్ టోపీ, బెల్టు ఒకేచోట సరైన కొలతలతో ఎక్కడ దొరుకుతాయన్న దగ్గర పని ఆగిపోతుంది. ఈ అవసరం కోసం నేను కొన్నేళ్లుగా వెళుతున్న దుకాణం కొండారెడ్డి బురుజుకు నడిచిపోయేంత దూరంలో, పాతబస్తీలోని ఒక ఇరుకు వీధిలో ఉంది. యూనిఫాంలు కుట్టే దుకాణాలు నగరంలో చాలానే ఉన్నాయి. స్కౌటు దుస్తుల్లో ఏది ఎందుకు అలా ఉందో తెలిసి, ఆ తెలివిడితోనే కత్తెర పట్టే దుకాణం నాకు తెలిసినంతలో ఇదొక్కటే.

దుకాణం చిన్నది. ముందు గదిలో అద్దాల బీరువా, కటింగ్ బల్ల, వెనక గదిలో కుట్టు మిషన్లు. అరవై దాటిన యజమాని కొలతలు తీసి కత్తిరిస్తారు, ఆయన కుమారుడు, మరొక పనివాడు కుడతారు. పోలీసు కానిస్టేబుళ్ల ఖాకీ, ఎన్‌సీసీ దుస్తులు, ప్రైవేటు బడుల యూనిఫాంలే వీరికి ప్రధాన ఆదాయం. స్కౌట్ల పని అందులో చాలా తక్కువ భాగం. లాభం కోసమే చూసుకుంటే ఈ పనిని ఎప్పుడో వదిలేసి ఉండేవారు. 2009 అక్టోబరు వరదలో తుంగభద్ర, హంద్రీ నీళ్లు పాతబస్తీని ముంచినప్పుడు దుకాణంలోని బట్టతో పాటు అట్టలతో కత్తిరించి పెట్టుకున్న పాత నమూనాలు కూడా పోయాయని, వాటిని జ్ఞాపకం మీదా, పాత స్కౌట్ మాస్టర్లు తెచ్చి ఇచ్చిన చొక్కాల మీదా ఆధారపడి మళ్లీ తయారు చేసుకున్నామని పెద్దాయన చెప్పారు. ఆ కొత్త అట్టలు ఇప్పుడు పైకప్పుకు దగ్గరగా, చేతికి అందనంత ఎత్తులో వేలాడుతున్నాయి.

ఈ దుకాణాన్ని ఇతర దుకాణాల నుంచి వేరు చేసే సంగతి ఒకటి నా కళ్ల ముందే జరిగింది. ఎనిమిదో తరగతి చదివే ఒక అబ్బాయి తండ్రితో వచ్చి, కొలతలు ఇచ్చిన తరువాత, ఎడమ జేబు మీద కుట్టే సభ్యత్వ బ్యాడ్జీ కూడా ఇమ్మని అడిగాడు. పెద్దాయన బ్యాడ్జీ ఉన్న డబ్బా మీద చెయ్యి పెట్టి, తీయకుండానే, "దీక్ష అయిందా నాయనా?" అని అడిగారు. ఇంకా కాలేదని, వచ్చే నెలలో ఉంటుందని అబ్బాయి చెప్పాడు. "అయితే ప్రమాణం చేసినంక మీ సార్ దగ్గర చీటీ రాయించుకోని రా, అప్పుడిస్తా. ముందే కుట్టుకుంటే దానికి విలువేముంది?" అన్నారు. తండ్రికి కాస్త కోపం వచ్చింది. డబ్బు ఇస్తామన్నా అమ్మకపోవడం ఏమిటన్నారు. పెద్దాయన మాత్రం చొక్కా జేబు కుట్టి ఉంచుతామని, బ్యాడ్జీ కుట్టడానికి విడిగా డబ్బు తీసుకోమని చెప్పి పంపించారు. సోపానాల, అంటే స్కౌటు శిక్షణలోని మెట్ల, బ్యాడ్జీల విషయంలోనూ, రాష్ట్ర స్థాయిలో ఇచ్చే రాజ్య పురస్కార్ బ్యాడ్జీ విషయంలోనూ ఇదే పద్ధతి. ఒక స్కౌటు ప్రవేశ్ తరువాత ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపానాలు ఒక్కొక్కటిగా దాటి, రాజ్య పురస్కార్ అందుకుని, ఆపైన రాష్ట్రపతి స్కౌటు కావడానికి ఏళ్లు పడుతుంది. వారాంతాల్లో ముళ్లు వేయడం నేర్చుకుని, శిబిరాల్లో వంట చేసి, ప్రథమ చికిత్సలో పరీక్ష ఇచ్చి సంపాదించుకునే గుర్తును అడిగిన వారికల్లా అమ్మకపోవడం ఆ పిల్లల శ్రమకు ఇచ్చే మర్యాద అని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ దుస్తులను ఇంత పట్టుదలగా చూడవలసిన అవసరం ఏమిటని కొందరు తోటి ఉపాధ్యాయులు నన్ను అడుగుతుంటారు. అందుకు జవాబు ఈ ఉద్యమం మన దేశానికి వచ్చిన తీరులోనే ఉంది. 1907 ఆగస్టులో ఇంగ్లండులోని బ్రౌన్సీ దీవిలో రాబర్ట్ బేడెన్ పావెల్ కొద్దిమంది బాలురతో నడిపిన శిబిరం నుంచి స్కౌటింగు మొదలైతే, మన దేశంలో మొదటి దళం 1909లో బెంగళూరులో, కెప్టెన్ బేకర్ అనే అధికారి చొరవతో ఏర్పడింది. కర్నూలు నుంచి అనంతపురం మీదుగా సాగిపోయే రహదారి చివరనే ఉన్న ఆ నగరంలో దళం ఏర్పడినా, అందులో భారతీయ బాలుడికి చోటు లేదు. అది బ్రిటిషు, ఆంగ్లో ఇండియన్ పిల్లలకే పరిమితం. 1911లో జబల్‌పూరులో మొదలైన గైడ్ల శాఖ, అంటే బాలికల విభాగం కూడా మొదట్లో అలాంటిదే. ఈ నేల మీద పుట్టిన పిల్లవాడు ఈ చొక్కా వేసుకోవడానికి అర్హుడు కాడన్న కాలం అది.

ఆ తలుపు దానంతట అది తెరుచుకోలేదు. తరువాతి కాలంలో సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయిన వివియన్ బోస్ మధ్య పరగణాలలో (నేటి మధ్యప్రదేశ్ ప్రాంతం) భారతీయ బాలురతో స్కౌటింగు ప్రారంభించారు. షాజహాన్‌పూరులో శ్రీరాం బాజపేయి తన సొంత ప్రయత్నంగా దళాన్ని నిలబెట్టారు. 1916లో మద్రాసులో దివ్యజ్ఞాన సమాజ నాయకురాలు అనీ బిసెంట్, జార్జ్ అరండేల్‌తో కలిసి ఇండియన్ బాయ్ స్కౌట్స్ అసోసియేషన్ స్థాపించారు. అంతకు ముందు ఏడాదే, అంటే 1915లో, మన రాయలసీమలోని మదనపల్లెలో కళాశాల నెలకొల్పినదీ ఆమె అనుయాయులే కాబట్టి ఈ ఘట్టం మనకు దూరపుదేమీ కాదు. కర్నూలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఒక జిల్లా. బిసెంట్ దళాల పిల్లలు విలాయతీ టోపీకి బదులు దేశీయమైన తలపాగా చుట్టుకునేవారు. స్కౌటు తల మీద ఏముండాలన్నది అప్పట్లో ఆత్మగౌరవానికి సంబంధించిన ప్రశ్న. 1918లో మదనమోహన మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, బాజపేయి కలిసి అలహాబాదులో సేవా సమితి స్కౌటు సంఘాన్ని ఏర్పరచారు.

1921లో బేడెన్ పావెల్ స్వయంగా భారతదేశానికి వచ్చినప్పుడు చాలా సంఘాలు ఒక గొడుగు కిందికి చేరాయి, బిసెంట్ సంఘం కూడా కలిసింది, సేవా సమితి మాత్రం బయటే ఉండిపోయింది. 1937లో ఢిల్లీలో జరిగిన అఖిల భారత జంబోరీకి ఆయన మళ్లీ వచ్చి వెళ్లాక భారతీయుల స్వభావం గురించి చేసిన వ్యాఖ్యలు తీవ్రమైన ఆగ్రహాన్ని రేపాయి. ఎందరో మాతృ సంఘాన్ని విడిచి బయటికి వచ్చారు, 1938లో హిందుస్థాన్ స్కౌట్ అసోసియేషన్ ఏర్పడింది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో స్కౌటింగు ఈ విధంగా చీలిపోయి ఉంది. విద్యామంత్రి మౌలానా ఆజాద్ వంటి పెద్దల ప్రోత్సాహంతో జరిగిన చర్చల ఫలితంగా 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడింది. 1951 ఆగస్టు 15న గైడ్ల సంఘం కూడా అందులో చేరింది. పంతాలు, అవమానాలు, విడిపోవడాలు ఎన్నో దాటుకుని ఒకే సంస్థ, ఒకే దుస్తులు, ఒకే గుర్తు దగ్గరికి వచ్చాం కనుక, ఆ చొక్కాను ఏదో ఒక బూడిద రంగు గుడ్డతో సరిపెట్టడం నాకు సమ్మతం కాదు.

ఈ దుకాణంలో ఆ గుర్తును ఎలా చూస్తారో చెప్పాలి. సభ్యత్వ బ్యాడ్జీలో స్కౌట్ల మూడు రేకుల పువ్వు, గైడ్ల మూడాకుల గుర్తు ఒకదానిలో ఒకటి ఇమిడి, నడుమ అశోక చక్రం ఉంటుంది. 1950, 1951లలో జరిగిన రెండు కలయికలూ ఆ చిన్న గుడ్డముక్క మీద కనిపిస్తాయి. బజారులో దొరికే నాసిరకం బ్యాడ్జీలలో చక్రం ఆకులు ఒకదానికొకటి అతుక్కుపోయి నీలిమచ్చలా ఉంటుంది. పెద్దాయన బ్యాడ్జీల కట్ట రాగానే భూతద్దం పెట్టి చూసి, చక్రం స్పష్టంగా లేనివాటిని పక్కన పడేస్తారు. కుట్టేటప్పుడు జేబును చొక్కాకు అతికించక ముందే బ్యాడ్జీని జేబు మధ్యన, నాలుగు వైపులా సన్నని కుట్టుతో కుట్టిస్తారు. తరువాత కుడితే జేబు మూసుకుపోతుంది, లేదా బ్యాడ్జీ పక్కకు ఒరిగిపోతుంది. దీక్ష పూర్తి కాని పిల్లల చొక్కాలకు మాత్రం ఆ జేబును పచ్చికుట్టుతో వదిలి, బ్యాడ్జీ కుట్టాక మళ్లీ గట్టిగా వేస్తారు. ఊదా రంగు మీద తెల్లని పువ్వు ఉండే ప్రపంచ స్కౌటు బ్యాడ్జీ కుడి జేబుకు వెళుతుంది. ఎడమ కుడి తారుమారు చేసిన చొక్కాలను ఇతర దుకాణాల నుంచి తెచ్చిన పిల్లలను ర్యాలీలలో చాలాసార్లు చూశాను.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ కనిపించేది స్కార్ఫులో. త్రికోణాకారపు స్కార్ఫుకు రెండు పక్కలూ 70 నుంచి 80 సెంటీమీటర్ల మధ్య ఉండాలి. చదరపు గుడ్డను మూల నుంచి మూలకు కత్తిరిస్తే రెండు స్కార్ఫులు వస్తాయి, కానీ ఆ పొడవాటి అంచు క్రాస్‌లో, అంటే నేతకు ఏటవాలుగా పడుతుంది కాబట్టి లాగిన కొద్దీ సాగుతుంది, నాలుగు ఉతుకులకు అలలలా వంకర తిరుగుతుంది. ఇక్కడ బట్టను ముందు నీళ్లలో నానబెట్టి ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, ఆ తరువాతే కత్తిరిస్తారు. క్రాస్ అంచును మడిచేటప్పుడు లోపల సన్నని తిన్నని పట్టీ వేసి కుడతారు. మా దళంలో మూడేళ్లు వాడిన స్కార్ఫు అంచు ఇంకా తిన్నగానే ఉంది. మరొక చోట, పేరు అనవసరం, ఒక ఏడాది తొందరలో కొన్న రెడీమేడ్ స్కార్ఫులు జారిపోయే మెరుపు గుడ్డతో, కొలతకు బాగా తక్కువగా వచ్చాయి. ప్రథమ చికిత్స పాఠంలో చేతికి ఊయల కట్టు వేయబోతే మెడ చుట్టూ ముడి వేయడానికి గుడ్డ చాలలేదు. స్కార్ఫు అలంకారం కోసం పెట్టిన వస్తువు కాదు. చెయ్యి విరిగినవాడికి కట్టుగా, రక్తం కారుతున్న గాయానికి పట్టీగా, అవసరమైతే రెండు మూడు కలిపి తాడుగా పనికి రావాలి. ఆ పనులకు అక్కరకు రాని స్కార్ఫు ఎంత అందంగా ఉన్నా స్కౌటు మెడలో ఉండదగినది కాదు.

చొక్కాకు వాడే టెర్రీకాటన్ మా కర్నూలు ఎండలకు కొంచెం బరువే. అయితే రంగు త్వరగా వెలవదు, భుజాల పట్టీలు మెత్తబడవు. నిక్కరు నడుము దగ్గర, కాళ్ల అంచుల్లో ఎదిగే పిల్లలకు సరిపడేంత గుడ్డ లోపలికి మడిచి వదులుతారు కనుక మరుసటి ఏడాది విప్పి పెంచుకోవచ్చు. బెరెట్ టోపీ, బెల్టు బయటి నుంచి తెప్పించినవే; బెల్టు బకిలుపై సంస్థ గుర్తు ఉందో లేదో అడిగి చూసుకోవడం మంచిది, ఎందుకంటే సరుకు అయిపోయినప్పుడు మామూలు బకిలు ఉన్న బెల్టులు కూడా ఉంచుతున్నారు.

ఇక లోపాలు. గైడ్ల దుస్తుల విషయంలో ఈ దుకాణం వెనకబడి ఉంది. లేత నీలి కమీజు, ముదురు నీలి సల్వార్, దుపట్టా కుట్టి ఇస్తారు గాని, ఆడపిల్లల కొలతలు తీయడానికి దుకాణంలో మహిళ ఎవరూ లేరు. గైడ్ల దళాన్ని నడిపే గైడ్ కెప్టెనే ఇంటి దగ్గర కొలతలు తీసి కాగితం మీద రాసి పంపవలసి వస్తోంది. ఆ కాగితం కొలతలతో కుట్టినవి భుజాల దగ్గర వదులుగా వచ్చాయని మా బడి గైడ్ కెప్టెన్ మేడమ్ రెండుసార్లు తిప్పి పంపారు. ఉచితంగానే సరిచేశారు, కానీ దీక్షా కార్యక్రమానికి ఇద్దరమ్మాయిలు మామూలు బడి దుస్తుల్లో నిలబడవలసి వచ్చింది. గైడ్లు కూడా ఈ సంస్థలో భాగమే. వారానికి ఒక్క పూటైనా కొలతలు తీసే మహిళను పెట్టమని పెద్దాయనకు చెప్పాను, ఇకపైనా చెబుతూనే ఉంటాను. కబ్‌లు, బుల్‌బుల్‌లు అనే చిన్న వయసు బాలుర, బాలికల దళాలకు కావలసిన చిన్న సైజులు కూడా ముందుగా చెబితే తప్ప దొరకవు.

ధరలు రెడీమేడ్ ప్యాకెట్ల కంటే కొంత ఎక్కువే. ప్రభుత్వ బడి పిల్లలకు, దళం మొత్తానికి ఒకేసారి ఆర్డరిస్తే కుట్టుకూలిలో తగ్గిస్తారు. బాగా పేద పిల్లలు ఉన్నారని చెబితే, పెద్ద పిల్లలు వదిలేసిన పాత చొక్కాలను తెచ్చిస్తే విప్పి, చిన్నవాటిగా తిరగకుట్టి ఇస్తారు. దానికి తీసుకునే కూలి నామమాత్రం. బిల్లు అడిగితేనే రాస్తారు, కాబట్టి పాఠశాల నిధుల నుంచి కొనేవారు ముందే చెప్పాలి. ఫోన్‌లో ఆర్డర్లు తీసుకోరు. శుక్రవారం మధ్యాహ్నం దుకాణం మూసి ఉంటుంది, సాయంత్రం మళ్లీ తెరుస్తారు.

నవంబరు 7న జరిపే సంస్థాపన దినానికి కొత్త దుస్తులు కావాలనుకునే దళాలు దసరా సెలవులకు ముందే కొలతలు ఇవ్వడం అవసరం. పండుగ బట్టల ఒత్తిడి మొదలయ్యాక మిషన్లు ఖాళీగా ఉండవు. చొక్కాలు చేతికి వచ్చాక భుజం మీది బ్యాడ్జీలో అక్షరాలు, జేబుల మీద బ్యాడ్జీల స్థానం, స్కార్ఫు కొలత ముగ్గురు నలుగురు పిల్లలవి అక్కడే చూసుకుని తెచ్చుకోవాలి. గైడ్ల దుస్తులకైతే సరిచేయించే వ్యవధితో కలిపి ఇంకో రెండు వారాలు ముందుగా వెళ్లడం మేలు.