"అందరూ ఒకేసారి" కంబాట్ రూల్స్ పీడీఎఫ్ కొనబోతున్నారా? ఆగండి

గేమ్ మధ్యలో ఆపేసి వచ్చి రాస్తున్నా, ఒళ్ళు మండిపోతోంది. టర్న్ కోసం ఎదురుచూడక్కర్లేదు, ఫైట్‌లో అందరి యాక్షన్లూ ఒకేసారి జరుగుతాయి అని అమ్ముతున్న పీడీఎఫ్ ఉంది కదా, గ్రూపుల్లో తెగ షేర్ అవుతోంది, అదే. కొనకండి, దండం పెట్టి చెప్తున్నా.

మేం ఆడేది డంజన్స్ అండ్ డ్రాగన్స్ (టేబుల్ చుట్టూ కూర్చుని ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా ఆడే కథ గేమ్) ఐదో ఎడిషన్, జీఎమ్, అంటే గేమ్ నడిపేది, నేనే. ఇనిషియేటివ్ (ఫైట్‌లో ఎవరి వంతు ముందో తేల్చే లెక్క) సంగతి మీకు తెలిసిందే, కథలో రౌండ్ (అందరికీ ఒక్కో వంతు) అంటే ఆరు సెకన్లు, టేబుల్ మీద మాత్రం ఒక్కొక్కరూ డీ20 (20 ముఖాల పాచిక) వేసుకుంటూ అది తెమిలేసరికి తన వంతు అయిపోయినవాళ్ళు ఫోన్లలో పడతారు. దానికి విరుగుడు అని కొన్నాం.

అసలు దెబ్బ ఎక్కడ పడిందంటే. అందరూ చీటీల మీద యాక్షన్ రాసి ఒకేసారి తిప్పారు, అంతవరకు భలే ఊపుగా ఉంది. ఫైటర్‌కి మిగిలింది 5 హిట్ పాయింట్లు (ప్రాణం లెక్క), ఆర్క్ అనే రాక్షసుడి గొడ్డలి దెబ్బ 8, అదే రౌండ్‌లో క్లెరిక్ (గాయాలు మాన్పే పూజారి పాత్ర) హీలింగ్ 6, ఫైటర్ కూడా ఆర్క్ మీద కత్తి ఎత్తాడు. ఇప్పుడు చెప్పండి ఏం జరగాలి? హీలింగ్ ముందు పడితే 11 లోంచి 8 పోయి 3తో నిలబడే ఉంటాడు, కత్తి దెబ్బ వెయ్యొచ్చు. గొడ్డలి ముందు తగిలితే సున్నాకి వచ్చి స్పృహ తప్పి పడిపోతాడు, ఈ ఎడిషన్‌లో లెక్క సున్నా కిందికి పోదు కాబట్టి హీలింగ్‌తో 6కి వస్తాడు, అంటే ముందు దెబ్బ తిన్నవాడికే పాయింట్లు ఎక్కువ! మరి స్పృహ తప్పినవాడి కత్తి దెబ్బ ఉన్నట్టా పోయినట్టా? క్లెరిక్ ఆడే అమ్మాయి, ఫైటర్ ఆడే అబ్బాయి ఇద్దరూ నా మొహం చూస్తున్నారు. నేను "యాక్షన్లు ఢీకొన్నప్పుడు" అన్న పేజీ తీశా. అక్కడ ఉన్నది ఒకే ఒక్క వాక్యం, "జీఎమ్ విచక్షణ ప్రకారం తేల్చుకోవాలి" అని. అంతే. ఏ ఒక్క పని కోసం పుస్తకం అమ్మారో ఆ పనే అందులో లేదు. మిగతా పేజీలు చూస్తే కండిషన్ల (స్పృహ తప్పడం లాంటి స్థితుల) లిస్టు, ఆయుధాల పట్టిక, అన్నీ 5.1 ఎస్‌ఆర్‌డీ (డీ అండ్ డీ కంపెనీయే బయటపెట్టిన మూల రూల్స్ పత్రం) లోంచి ఎత్తినవి, అది 2023 నుంచి క్రియేటివ్ కామన్స్‌లో ఎవరికైనా ఫ్రీ. వాడుకోవడం తప్పు కాదు, కానీ దాన్ని నింపి డబ్బులు తీసుకోవడం ఏంటి?

సరే అని అమ్మినవాళ్ళకి మర్యాదగా మెసేజ్ పెట్టా, ఈ కేసులో మీ రూల్ ఏంటండీ అని. జవాబు చూడండి: "మా రూల్స్ బాగానే ఉన్నాయి, జీఎమ్‌కి టేబుల్ నడపడం రాకపోతే మేమేం చేస్తాం." నా ప్రశ్నకి సమాధానం లేదు, రీఫండ్ అంటే డిజిటల్ ఫైల్ కాబట్టి కుదరదు అన్నారు, రివ్యూ రాస్తే కాసేపటికి అది కనపడలేదు, నన్ను బ్లాక్ చేశారు. డబ్బు పోయినందుకు కాదు, ఆ మాట నా ప్లేయర్ల ముందు చదవాల్సి వచ్చింది, అది కడుపులో రగులుతోంది.

ఇదేదో తేలని చిక్కు కాదండీ. 1959 నాటి డిప్లొమసీ బోర్డ్ గేమ్‌లో అందరూ రహస్యంగా ఆర్డర్లు రాసి ఒకేసారి బయటపెడతారు, ఒకే చోటికి సమాన బలంతో ఇద్దరు వస్తే ఎవరూ కదలరు, ఒక్క ముక్కలో తేలిపోయింది. 1981 బేసిక్ డీ అండ్ డీలో ఎవరు ముందో తేల్చడానికి పక్షానికో డీ6, ఒకే అంకె పడితే మళ్ళీ వెయ్యొచ్చు లేదా రెండు వైపులా దెబ్బలు ఒకేసారి పడినట్టు తీసుకోవచ్చు, అప్పుడు ఇద్దరూ ఒకరి చేతిలో ఒకరు చావొచ్చు కూడా. 1989 రెండో ఎడిషన్‌లో ముందు ఏం చేస్తారో చెప్పాలి, తర్వాతే డీ10, తక్కువ వచ్చినవాళ్ళు ముందు, కావాలంటే ఆయుధం వేగాన్ని బట్టి అంకె కలుపుకోవచ్చు. నచ్చినా నచ్చకపోయినా అక్కడ ఒక జవాబుంది.

ఇలాంటివి కొనేముందు ప్రివ్యూలో ఒక్కటే వెతకండి, దెబ్బ, హీలింగ్, చావు ఒకే రౌండ్‌లో వస్తే లెక్క ఏంటి, పరిగెత్తుతున్నవాడి మీద బాణం వేస్తే అతను ఎక్కడ ఉన్నట్టు. ఆ పేజీ ప్రివ్యూలో లేకపోతే అమ్మేవాళ్ళని అడగండి, చూపించకపోతే వదిలెయ్యండి. ఇప్పటికే కొన్నవాళ్ళుంటే పేమెంట్ చేసిన చోట కంప్లయింట్ పెట్టండి, నేను పెట్టా, మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు బ్లాక్ అవ్వకముందే తీసి దాచుకోండి.