లో సోడియం ఉప్పు: బీపీకి మంచిదే, మా ఉద్దానంలో మాత్రం అడిగి కొనండి

శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో మాది కిరాణా దుకాణం. పలాస జీడిపప్పు పరిశ్రమల్లో పనిచేసే ఆడవాళ్ళు, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఊళ్ళవాళ్ళు నెల సరుకులకు మా దగ్గరికి వస్తారు. కొంతకాలంగా వీళ్ళు "బీపీ ఉప్పు ఉందా అమ్మా?" అని అడుగుతున్నారు. వాళ్ళు అడిగేది లో సోడియం ఉప్పు. అమ్ముతున్నాను, వండి చూశాను, మా ఇంట్లో ఒక మనిషికి అది ఏం చేసిందో కూడా చూశాను. ఏ ఒక్క కంపెనీ గురించో కాదు, ఈ రకం ఉప్పు గురించే రాస్తున్నాను.

చూడటానికి మామూలు మెత్తటి ఉప్పే. అంతే తెలుపు, అంతే సన్నం. ధర మాత్రం దాదాపు రెట్టింపు. సాంబారులో, చేపల పులుసులో వేస్తే తేడా తెలియదు. మజ్జిగలో కలిపితే మాత్రం చివర్లో నాలుక మీద సన్నటి చేదు మిగులుతుంది. ఆ చేదు పొటాషియం క్లోరైడ్‌ది. సోడియం తగ్గించడమంటే సోడియం క్లోరైడ్ కొంత తీసేసి, ఆ మేరకు పొటాషియం క్లోరైడ్ కలపడం. ప్యాకెట్టు ముందు పెద్ద అక్షరాలతో ఉండేది సోడియం ఎంత తగ్గిందన్న అంకె. పొటాషియం పేరు వెనక వైపు పదార్థాల వరుసలో ఉంటుంది.

మంచి సరుకు కాదని నేను అనను. 2021లో చైనా పల్లెల్లో చేసిన పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి. 600 ఊళ్ళు, సుమారు 21,000 మంది. అంతకుముందు పక్షవాతం వచ్చినవాళ్ళు, లేదా 60 దాటి బీపీ ఉన్నవాళ్ళు. సగం ఊళ్ళలో మామూలు ఉప్పు, మిగతా సగంలో నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు వాడారు. కొత్త ఉప్పు వాడిన ఊళ్ళలో పక్షవాతం 14 శాతం తగ్గింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2025 జనవరిలో ఇలాంటి ఉప్పు వాడకాన్ని సూచించింది. అయితే పిల్లలకు, గర్భిణులకు, మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి ఆ సూచన వర్తించదని అందులోనే ఉంది. చైనా అధ్యయనంలోనూ తీవ్రమైన కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళను చేర్చుకోలేదు. ఉప్పుతో పాటు ఈ మినహాయింపు కూడా మన ఊళ్ళకు చేరి ఉండాల్సింది.

ఎందుకంటే మాది ఉద్దానం పక్కన. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాల్లో షుగరు, బీపీ లేనివారికి కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. అసలు కారణం ఇప్పటికీ తేలలేదు. ఈ వ్యాధి కోసమే పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి. ఇక్కడ ఏ ఇంటికి వెళ్ళినా "క్రియాటినిన్ ఎంత ఉంది?" అన్న మాట వినిపిస్తుంది. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష అంకె అది. తన క్రియాటినిన్ ఎంతో తెలియని మనిషి కూడా బీపీ కోసం అని ఈ ఉప్పు కొంటే ఏమవుతుందన్నదే నా భయం.

దెబ్బతిన్న కిడ్నీలు పొటాషియాన్ని సరిగా బయటికి పంపలేవు, అది రక్తంలో పెరిగితే గుండె లయ తప్పుతుంది. లెక్క చూడండి. పావు వంతు పొటాషియం క్లోరైడ్ ఉన్న ఉప్పు రోజుకు 5 గ్రాములు తింటే, ఆ ఒక్క ఉప్పులోంచే సుమారు 650 మిల్లీగ్రాముల పొటాషియం ఒంట్లోకి వెళ్తుంది. ఒక మంచి కొబ్బరి బొండంలో ఉండేది ఇంచుమించు అంతే. పొటాషియం పెరిగే ప్రమాదం ఉన్న రోగికి రోజు మొత్తానికి రెండు, మూడు గ్రాములు మించవద్దని వైద్యులు చెబుతారు. బొండాలు మానమని చెబితే కొబ్బరి రైతు కూడా మానేస్తాడు, అది కంటికి కనిపించే వస్తువు. ఉప్పు రూపంలో కూరలో కరిగి వచ్చే బొండాన్ని ఎవరు గుర్తుపడతారు?

మా మామయ్య గారి విషయంలో జరిగింది ఇదే. ఆయనకు కిడ్నీ జబ్బు ఉంది, ఇంకా డయాలిసిస్ దాకా రాలేదు. బీపీకి టెల్మిసార్టాన్ వాడేవారు. మా ఆడపడుచు హైదరాబాదు నుంచి వస్తూ, నాన్నకు మంచిదని ప్రేమతో ఈ ఉప్పు ప్యాకెట్లు తెచ్చి ఊళ్ళో అత్తయ్యకు ఇచ్చింది. కొన్ని వారాలకు ఆయన "మంచం మీద నుంచి లేవాలంటే కాళ్ళలో సత్తువ లేదు" అనడం మొదలుపెట్టారు. వాపు లేదు, ఆయాసం లేదు. ఎండలకు అనుకున్నారు ఇంట్లో. మామూలుగా చేయించే రక్తపరీక్షలో పొటాషియం 6.4 వచ్చింది. ఉండాల్సింది 3.5 నుంచి 5 వరకు.

ఆసుపత్రిలో ముందు ఈసీజీ తీశారు. అందులో ఒక అల సూదిమొనలా పైకి లేచి ఉందని చూపించి, డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్నలు మూడు: కొబ్బరినీళ్ళు తాగుతున్నారా, కొత్త మాత్రలు వేసుకున్నారా, ఉప్పు మార్చారా? అత్తయ్య సంచిలోంచి సరుకుల చీటీ తీసి చూసుకుని, ఉప్పు మార్చామని చెప్పింది.

చేతి నరంలోకి కాల్షియం గ్లూకోనేట్ మెల్లగా ఎక్కించారు. అది పొటాషియాన్ని తగ్గించదట, గుండె లయ తప్పకుండా కాస్తుందట. తర్వాత గ్లూకోజుతో పాటు ఇన్సులిన్ ఇచ్చారు. "ఆయనకు షుగరు లేదు కదమ్మా, ఇన్సులిన్ ఎందుకు?" అని అత్తయ్య కంగారుపడింది. నర్సు అమ్మాయి ఓపికగా చెప్పింది: "ఇన్సులిన్ రక్తంలోని పొటాషియాన్ని కణాల్లోకి నెడుతుంది అమ్మమ్మా. షుగరు పడిపోకుండా గ్లూకోజు కూడా పెడుతున్నాం." ఆ తర్వాత గంట గంటకూ వేలికి సూది గుచ్చి షుగరు చూశారు. ఉబ్బసానికి పెట్టే నెబ్యులైజర్ కూడా పెట్టారు, దాని పని కూడా అదే. ఇవన్నీ కొన్ని గంటలకే పనిచేస్తాయి, పొటాషియం ఒంట్లోంచి బయటికి పోవాలి కదా. అందుకు నీళ్ళలో కలిపి తాగే పొడి ఇచ్చారు, దానివల్ల మలబద్ధకం వస్తే చెప్పమన్నారు. బీపీ మాత్ర మార్చారు. వీటికీ దిగకపోతే డయాలిసిస్ చేయాల్సి వచ్చేది. మర్నాటికి 5.1కి వచ్చింది.

ఇందులో నన్ను కలవరపెట్టేది ఒకటుంది. కిడ్నీ జబ్బులో ఒంట్లో నీరు చేరితే ఇంట్లోనే తెలుస్తుంది. ముంగాలి ఎముక మీద బొటనవేలితో నొక్కితే గుంట పడుతుంది, వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తుంది, తూకం చూస్తే రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగి ఉంటుంది. ఒక్కసారిగా పెరిగిన కిలో అంటే ఇంచుమించు లీటరు నీరు. పొటాషియం అలా కాదు. చాలామందికి ఏ సూచనా ఉండదు, కొందరికి కాళ్ళ నీరసం, గుండె దడ. రక్తపరీక్ష ఒక్కటే దారి. క్రియాటినిన్ చేయించుకునేటప్పుడు సోడియం, పొటాషియం కూడా అడిగి చేయించండి. టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్, స్పైరనోలాక్టోన్ వంటి మాత్రలు పొటాషియాన్ని పెంచవచ్చు కాబట్టి అవి వాడేవారికి ఇది మరీ అవసరం. వాటిని సొంతంగా మానేయకండి, అవి కిడ్నీకి, గుండెకి మేలు చేసే మందులే.

"మరి కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళం ఏ ఉప్పు వాడాలి?" అని అడుగుతారు. మామూలు అయొడైజ్డ్ ఉప్పే, తక్కువగా. సైంధవ లవణం గురించి అడిగేవారూ ఎక్కువే. అది కూడా చాలావరకు సోడియం క్లోరైడే, ఎక్కువ డబ్బు పెట్టి కొనాల్సిన పనిలేదు. కూరలో ఉప్పుతో పాటు ఎండు చేపలు, ఆవకాయ, అప్పడాలు కూడా తగ్గించాలి, వాటిలో ఉప్పు ఎక్కువ. రుచికి వెల్లుల్లి, జీలకర్ర, మిరియాలు ఉన్నాయి. పొటాషియం తగ్గించమని వైద్యులు చెప్పినవారు కూరగాయలు చిన్న ముక్కలు చేసి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి వండుకోవాలి. ఆ నీళ్ళతో చారు పెట్టకూడదు.

బీపీ మాత్రమే ఉండి, క్రియాటినిన్, పొటాషియం బాగున్నాయని రిపోర్టు ఉండి, పైన చెప్పిన మాత్రలు వాడనివారికి ఈ ఉప్పుకు అయిదులో నాలుగు ఇస్తాను. ఒకటి తగ్గించింది ధరకు. కిడ్నీ జబ్బు ఉన్న ఇంటికి మాత్రం సున్నా. వంట అందరికీ కలిపే చేస్తాం కాబట్టి ఇంట్లో ఒక్కరికి ఉన్నా ఇదే మాట.

నా దగ్గరున్న ప్యాకెట్టు వెనక హెచ్చరిక ఉంది. కళ్ళద్దాలు పెట్టుకుని వెతికితే కనిపించేంత చిన్న అక్షరాల్లో, ఇంగ్లీషులో. జీడిపిక్కలు ఒలిచే అమ్మకు అది ఎలా తెలుస్తుంది? అందుకని ఆ ప్యాకెట్లను ముందు అరలోంచి తీసి నా కుర్చీ వెనక పెట్టాను, అడిగితేనే ఇస్తాను. ఇచ్చే ముందు "ఇంట్లో కిడ్నీ మందులు ఎవరైనా వాడుతున్నారా? రక్తపరీక్ష ఎప్పుడు చేయించారు?" అని అడుగుతాను. కొందరు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. సరుకు వేసే ఏజెంటుకు చెప్పాను: "కిడ్నీ రోగులు వాడరాదు" అని తెలుగులో, ముందు వైపున, కంపెనీ పేరంత పెద్దగా వేయమని పైకి రాయండి అని. రాస్తానన్నాడు. ప్రతి సరఫరాకూ అడుగుతూనే ఉన్నాను.