బెంగళూరు షో టికెట్లు బయట కొంటున్నారా? నా 22,000 ఎలా పోయాయో చదివి కొనండి

రెండు రోజులుగా మా అనంతపురం వాట్సాప్ గ్రూపులో బెంగళూరు షో టికెట్లంటూ ఒక ఫొటో తిరుగుతోంది. చూడగానే కడుపులో దేవినట్టయింది. టికెట్లు పట్టుకున్న ఆ బొటనవేలు నాకు తెలుసు, నన్ను ముంచినవాడు పంపిన ఫొటోలోనూ అదే. గోరు నిలువునా చీలి ఉంటుంది, పక్క వేలికి నల్లరాయి ఉంగరం.

2025 జనవరి 18న నవీ ముంబై డీవై పాటిల్ స్టేడియంలో కోల్డ్‌ప్లే అనే బ్రిటిష్ బ్యాండ్ షో. అంతకుముందు సెప్టెంబర్ 22న టికెట్లు వదిలిన రోజు నేనూ మా చిన్నాన్న కొడుకూ నాలుగు ఫోన్లు ముందేసుకుని కూర్చున్నాం. క్యూలో మా ముందు లక్షల మంది, ఇంకేం దొరుకుతాయి. ఉండబట్టలేక టెలిగ్రామ్‌లో ఒకడిని పట్టుకున్నా. 4,500 టికెట్టు 11,000 అన్నాడు, అది కూడా అంత దూరం నుంచి వస్తున్నామని తగ్గించాడంట! 10,000 యూపీఐలో కొట్టా, మిగతా 12,000 నెరూల్ స్టేషన్ బయట చేతికిస్తే టికెట్లు ఇస్తానన్నాడు.

ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ముందు రోజే చేరుకున్నాం. షో రోజు వాడు రాలేదు, ఎవడో కుర్రాడిని పంపాడు. ఆ జనంలో, ఆ తొందరలో నేను టికెట్లను తిప్పి కూడా చూడలేదు, డబ్బు లెక్కపెట్టి ఇచ్చేశా. గేటు దగ్గర గంటకు పైగా లైన్లో నిలబడ్డాక స్కానర్ తీసుకోలేదు. అక్కడున్నమ్మాయి రెండూ పక్కపక్కన పెట్టి చూపించింది. సీటు నంబర్లు వేరే, కింద బార్‌కోడ్ నంబరు మాత్రం రెండింటికీ ఒకటే. నా చెమట బొటనవేలికి ఇంకు కూడా అంటుకుంది. వాడు పంపిన ఫొటోలో ఒక టికెట్టు మీద ఇంకోటి సగం కప్పి ఎందుకు పెట్టాడో అప్పుడు వెలిగింది నాకు.

షో అంతా గోడ బయటే. డ్రమ్స్ దెబ్బ ఛాతీలో తగులుతోంది, లోపల జనం ఒక్కసారిగా అరుస్తున్నారు, స్టేడియం పైన ఆకాశం రంగులు మారుతోంది, మావాడు ఫుట్‌పాత్ మీద కూర్చుని అవే పాటలు పాడుతున్నాడు. వాడి మొహం చూడలేకపోయా. టీ అమ్మే ఆయన మాలాంటోళ్లని పొద్దుటి నుంచి చాలామందిని చూశానన్నాడు.

ఇంకో తప్పు కూడా చేశా. మోసపోయిన గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసుంటే ఆ 10,000 వాడి ఖాతాలో ఆపే వీలుండేదేమో. నేను సిగ్గుపడి, ఇంట్లో తిడతారని నాలుగు రోజులు గమ్మునున్నా. ఆ లోపల వాడు చాట్ రెండు వైపులా డిలీట్ చేశాడు, నా దగ్గర ఒక్క స్క్రీన్‌షాట్ లేదు. చేతికిచ్చిన 12,000కి రుజువు ముందే లేదు. ఇక్కడ పోలీస్ స్టేషన్‌లో ఉన్నాయన కంప్లైంట్ రాసుకున్నాడు కానీ, "క్యాష్ ఎందుకిచ్చినావప్పా?" అంటే ఏం చెప్పాలి?

టికెట్టు కొనాలంటే అమ్మే కంపెనీ యాప్‌లోనే చూడండి, రీసేల్ కూడా వాళ్లే పెడితేనే. దొరక్కపోతే ఊరుకోండి, ఇంట్లో టీవీలో చూసుకోవచ్చు (ఆ టూర్‌లోనే జనవరి 26 అహ్మదాబాద్ షో హాట్‌స్టార్‌లో లైవ్ వేశారు, నేను అదే చూశా, ఏడుస్తూ).

గ్రూపులో ఆ ఫొటో కింద అప్పుడే ఇద్దరు "అన్నా, నాకు రెండు" అని పెట్టారు. విడిగా మెసేజ్ చేశా. ఒకరు డబ్బు పంపలేదన్నారు. ఇంకొకరు ఇంకా చూడలేదు.