కొండ మీద ఆసుపత్రా, కొండ దిగే అంబులెన్సా: ఏది మేలు?

తిరుపతిలో స్థిరపడిన విశ్రాంత వైద్యుణ్ణి కావడం వల్ల, శ్రీవారి దర్శనానికి వచ్చిన దాతలు నన్ను తరచూ ఒకే ప్రశ్న అడుగుతుంటారు. ఏజెన్సీ కొండల్లో వైద్యానికి కొంత సొమ్ము ఇవ్వదలచుకొన్నామనీ, అది ఆసుపత్రి కట్టడానికి ఇవ్వాలా, అంబులెన్సు కొనడానికి ఇవ్వాలా చెప్పమనీ వారి కోరిక. ఎస్వీ మెడికల్ కళాశాలలో కలిసి చదువుకొన్న మేము కొందరం గత సంక్రాంతికి కొంత డబ్బు పోగుచేసి, ఇదే ప్రశ్న దగ్గర ఆగిపోయి, మూడు నెలలు వాదించుకొన్నాం. ఆ వాదనలో తేలినదీ, తేలనిదీ ఇక్కడ రాస్తున్నాను.

కొండ అనగానే మన తిరుపతివారి మనసులో మెదిలేది తిరుమలే. అక్కడ అశ్విని ఆసుపత్రి ఉంది. దానికి మించిన అవసరం పడితే ఘాట్ రోడ్డు దిగిన గంటలోపే తిరుపతిలోని పెద్దాసుపత్రులు రుయా, స్విమ్స్ అందుతాయి. తలకోన అడవి అంచున ఉన్న యర్రావారిపాలెం పల్లెలకు కూడా భాకరాపేట ఘాట్ మీదుగా తిరుపతి సుమారు 60 కిలోమీటర్లే. ఇటువంటి చోట మరో ఆపరేషన్ థియేటర్ కట్టడం దండగ, వేళకు వచ్చే బండి ఉంటే చాలు. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని ముంచంగిపుట్టు, పెదబయలు మండలాల లోపలి గూడేల సంగతి వేరు. అక్కడ కొన్ని చోట్ల రోగిని డోలీలో మోసుకొస్తే గాని బండి నిలిచే రోడ్డు రాదు. ఆ రోడ్డు మీద పాడేరు చేరాలి; పాడేరులో కుదరకపోతే ఘాట్ దిగి మరో వంద కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేసి విశాఖపట్నంలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కు చేరాలి. నేను రాస్తున్నది అటువంటి కొండల గురించి.

అంబులెన్సు పక్షం బలహీనమైనదేమీ కాదు. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో 108 మొదలైన తరువాత పల్లెల్లో అత్యవసర వైద్యం రూపమే మారిపోయింది. పెద్ద బండి ఎక్కలేని దారుల్లో బైక్ అంబులెన్సులు కూడా వచ్చాయి. పెద్ద ఆసుపత్రిలో బ్లడ్ బ్యాంకు, వెంటిలేటర్లు, నవజాత శిశువుల విభాగం అన్నీ ఒకే చోట ఉంటాయి. మా బృందంలోని శస్త్రవైద్యుడొకరు చెప్పిన మాట నేటికీ కొట్టిపారేయలేను: వారానికి పది ఆపరేషన్లు చేసే చేతికి ఉండే ఒడుపు, నెలకు ఒకటి చేసే చేతికి ఉండదు. తలకు దెబ్బ తగిలినా, గుండెపోటు వచ్చినా కొండ దిగడం తప్ప దారి లేదు.

అయితే రోగికి జరిగే ఆలస్యం అంతా దారిలోనే జరగదు. ప్రసూతి మరణాలను పరిశీలించిన సెరీన్ థడియస్, డెబొరా మెయిన్ 1994లోనే ఆలస్యాలను మూడుగా విడదీశారు: వైద్యానికి వెళ్లాలని ఇంట్లో నిర్ణయించుకోవడంలో ఆలస్యం, వైద్యశాలకు చేరడంలో ఆలస్యం, చేరిన తరువాత చికిత్స అందడంలో ఆలస్యం. అంబులెన్సు రెండవదాన్ని తగ్గిస్తుంది. మొదటిదాన్ని అది తాకను కూడా తాకదు. ఏజెన్సీలో పనిచేసిన నాలుగేళ్లలో నేను ఎక్కువగా చూసింది ఆ మొదటి ఆలస్యాన్నే. విశాఖ వెళ్లమని చీటీ రాసి చేతికిస్తే, అత్తా మామా, భర్తా బయటికి వెళ్లి చెట్టు కింద చాలాసేపు మాట్లాడుకొనేవారు. బండి ఉచితమే, ఆసుపత్రి ఉచితమే. కాని వెంట వెళ్లే ఇద్దరికి తిండి ఎవరు పెడతారు, ఇంటి దగ్గర పిల్లలను ఎవరు చూస్తారు, పోడు చేను ఏమవుతుంది, అక్కడి నర్సుకు మన మాట ఎలా అర్థమవుతుంది, మనిషి చనిపోతే శవాన్ని ఇంటికి తెచ్చుకొనేది ఎలా అన్నవి వారి ప్రశ్నలు. వాటిలో ఒక్కటి కూడా అవివేకమైనది కాదు. ప్రసవం తరువాత రక్తస్రావం ఆగకపోతే తల్లి రెండు గంటల్లోనే ప్రాణం విడిచే ప్రమాదం ఉంది. ఆ రెండు గంటల్లో ఒక గంట చెట్టు కిందే గడిచిపోతే ఎంత మంచి బండి ఉన్నా ఏం లాభం?

కొండ మీది చిన్న ఆసుపత్రి ఈ మొదటి ఆలస్యాన్ని తగ్గించగలదు. ఇంటినుంచి గంజి తెచ్చి పెట్టగలిగే దూరంలో ఉంటే, వారి భాషలైన ఆదివాసీ ఒడియాలోనో కువిలోనో పలకరించే మనిషి అక్కడ ఉంటే, చెట్టు కింది చర్చ చాలావరకు అవసరమే పడదు. ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం 30 పడకల సామాజిక ఆరోగ్య కేంద్రం మైదానంలో 1,20,000 జనాభాకు ఒకటి ఉండాలి; కొండ, గిరిజన ప్రాంతాల్లో 80,000 మందికే ఒకటి ఉండాలి. దానికి పూర్తి స్థాయి బ్లడ్ బ్యాంకు అక్కరలేదు. పెద్ద బ్యాంకునుంచి తెచ్చిన రక్తాన్ని 2 నుంచి 6 డిగ్రీల మధ్య భద్రపరిచే నిల్వ కేంద్రం సరిపోతుంది. మత్తు వైద్య నిపుణుడు దొరకని చోట ఎంబీబీఎస్ వైద్యులకే కొన్ని నెలలు శిక్షణ ఇచ్చి సిజేరియన్‌కు మత్తు ఇవ్వడం నేర్పే ప్రభుత్వ పద్ధతి కూడా ఉంది. పాముకాటుకు విరుగుడు సీసాలు, శ్వాస ఆగితే చేత్తో గాలి అందించే ఆంబూ బ్యాగు, దాన్ని ఆపకుండా నొక్కగల మనిషి ఉంటే కట్లపాము కరిచినవాడు కూడా కింది ఆసుపత్రికి చేరేదాకా ప్రాణంతో ఉంటాడు.

ఇంత చెప్పి ఆసుపత్రి కట్టించండి అని ముగించవచ్చు కదా అంటే, ముగించలేను. నా దృష్టిలో ఈ ప్రశ్నకు జవాబు తేల్చేది భవనమూ కాదు, బండీ కాదు. రాత్రి రెండు గంటలకు ఆ ఆసుపత్రిలో ఎవరుంటారన్నదే. ఒక నర్సు కుర్చీ ఇరవై నాలుగు గంటలూ ఖాళీ కాకుండా ఉండాలంటే మూడు షిఫ్టులు, వారపు సెలవులు, జ్వరాలు, పెళ్లిళ్లు అన్నీ లెక్కవేసి కనీసం ఐదుగురు కావాలి. ఒక్క శస్త్రవైద్యుడు, ఒక్క మత్తు వైద్యుడు ఉన్న థియేటర్‌కు, వారిలో ఒకరు సెలవు పెట్టిన రోజున తాళమే. నేను చూసిన ఒక కొండ ఆసుపత్రిలో పరికరాలన్నీ కొత్తవి, థియేటర్ గోడలకు మెరిసే టైల్సు, గుమ్మం పక్కన దాతల పేర్లతో నల్లరాతి ఫలకం ఉన్నాయి. సాయంత్రం అయిదు దాటితే ఆవరణలో మిగిలేది కాపలాదారు, రెండు కుక్కలు. అటువంటి ఆసుపత్రి ఉండడం కంటే లేకపోవడమే నయం. దాన్ని నమ్ముకొని డోలీ మోసుకొచ్చినవారు అక్కడినుంచి మళ్లీ అంబులెన్సు కోసం ఎదురుచూడాలి. అంటే మూడవ ఆలస్యం రెండింతలవుతుంది.

రాత్రి ఉండేవారు ఎవరు? మైదానంనుంచి వచ్చినవారు ఉండరు. నేనే నాలుగేళ్లకు బదిలీ చేయించుకొని వచ్చేశాను, నీతులు చెప్పే అర్హత నాకు లేదు. ఆ కొండలోనే పుట్టిన పిల్లలు ఉంటారు. చిత్తూరునుంచి వేలూరు దాటి దక్షిణంగా వెళితే తమిళనాడు ధర్మపురి జిల్లాలో సిట్టిలింగి అనే లోయ ఉంది. వైద్య దంపతులు రెజీ జార్జ్, లలిత 1993లో అక్కడ ఒక పూరిపాకలో వైద్యం మొదలుపెట్టారు. క్రమంగా అది ఆపరేషన్ థియేటర్ ఉన్న ఆసుపత్రి అయింది. ఆ లోయలోని గిరిజన యువతులకే వారు నర్సు పని నేర్పారు. వారి ఇల్లు అక్కడే, అమ్మానాన్నలు అక్కడే, కాబట్టి రాత్రి డ్యూటీ వారికి శిక్షగా తోచదు.

మిగతా మార్గాలకు పెద్ద చర్చ అక్కరలేదు. 104 వంటి సంచార వాహనాలు రక్తపోటు, మధుమేహం మాత్రలు ఇవ్వడానికి ఎంతో ఉపయోగపడతాయి. కానీ నొప్పులు వాహనం వచ్చే తేదీ చూసుకొని రావు. ఫోనులో వైద్య సలహా సిగ్నల్ ఉన్న చోట మంచిదే. ఏడాదికొకసారి జరిగే ఉచిత శిబిరం రోగులకంటే శిబిరం పెట్టినవారికే ఎక్కువ తృప్తినిస్తుందని నా అనుమానం. ఒక్కటి మాత్రం వీటితో కలపకూడదు. పార్వతీపురం మన్యం జిల్లా సాలూరులో కొండ శిఖర గ్రామాల గర్భిణులను నెలలు నిండకముందే తీసుకొచ్చి ఉంచే వసతి గృహం పెట్టారు. మందుల ఖర్చు దాదాపు లేదు, కావలసింది అన్నం, పడక, ఒక నర్సు. నొప్పులు మొదలయ్యేసరికి దూరం అన్న సమస్యే ఉండదు. ప్రసవాల వరకు ఇది అంబులెన్సు కంటే ఎన్నో రెట్లు మేలు. పాముకాటుకు, పిల్లల న్యుమోనియాకు మాత్రం పనికిరాదు.

చివరికి మేము భవనానికీ ఇవ్వలేదు, బండికీ ఇవ్వలేదు. కొండ గూడేలనుంచి ఇంటర్ పూర్తిచేసిన ఇద్దరు అమ్మాయిలకు జీఎన్ఎం అనే మూడేళ్ల నర్సింగ్ కోర్సుకయ్యే ఫీజు, హాస్టలు ఖర్చు కడుతున్నాం. చదువు తరువాత ఇన్నేళ్లు కొండలోనే పనిచేయాలని పత్రం రాయించుకొందామని ఒకరన్నారు గాని, నేనొప్పుకోలేదు. మాలో ఎవరమూ అటువంటి పత్రం రాయకుండా వచ్చేసి వారి చేత రాయించుకోవడం ఏం న్యాయం? శస్త్రవైద్యుడైన మా మిత్రుడు ఇంకా అంబులెన్సు పక్షమే. తన వాటా సొమ్ము విడిగా తీసుకొని, గర్భిణుల వసతి గృహానికి పరుపులు కొనడానికి ఒప్పుకొన్నాడు. నర్సుల చదువు మూడేళ్లకు గాని పూర్తికాదనీ, పరుపులు ఈ వానాకాలానికే పనికొస్తాయనీ అతని వాదన. దానికి నా దగ్గర ఇంకా జవాబు లేదు.