ఎం54 ఇంజనుకు బ్రీదరు గొట్టాల కిట్టు: మానిఫోల్డు విప్పి బిగించాక నా అభిప్రాయం

ముందే చెప్పేస్తాను, బీఎండబ్ల్యూ ఎం54 ఇంజను లోపలి ఆవిరిని లాగే బ్రీదరు గొట్టాల ఈ కిట్టు మంచిది. కొంటే చలి ఆపే ఫోము తొడుగు ఉన్న రకమే కొనండి. దానితోపాటు కిట్టులో ఇవ్వని కొన్ని చిన్న వస్తువులను కూడా అదే ఆర్డరులో తెప్పించుకోండి. ఈ రెండో మాటను తేలిగ్గా తీసుకోవద్దు. ఈ పనిలో గొట్టాల ఖరీదు తక్కువ, వాటి దగ్గరికి చెయ్యి చేరడానికి పడే కష్టం ఎక్కువ. అంత కష్టపడి మానిఫోల్డు (సిలిండర్లకు గాలి పంచే ప్లాస్టిక్ భాగం) పైకి లేపినవారు పాడైన ఒక్క గొట్టాన్ని మార్చి, పక్కనే అంతే వయసున్న మిగతా రబ్బరును అలాగే వదిలేసి మూసేయడం నాకు నచ్చదు.

నా కారు 2003 నాటి బీఎండబ్ల్యూ 330ఐ. ఉండేది మిషిగన్‌లోని నోవైలో. ఇక్కడి జనవరి చలి సంగతి ఈ చుట్టుపక్కల ఉండే మనవాళ్లకు చెప్పనక్కరలేదు. కార్లకు రబ్బరు సీళ్లు తయారుచేసే రంగంలో నా ఉద్యోగం. గొట్టం చేతికి రాగానే వంచి చూడటం, కోసిన అంచును గోటితో గీరి చూడటం అలవాటైపోయింది. అందుకని ఇందులో రబ్బరు గురించి కాస్త ఎక్కువే ఉంటుంది.

అసలు ఆ గొట్టాల పని ఏమిటో తెలిస్తే కిట్టు విలువ తెలుస్తుంది. పిస్టను రింగులు ఎంత బాగున్నా మండిన వాయువు కొంత కిందికి, ఇంజను అడుగు గది అయిన క్రాంక్‌కేసులోకి జారుతుంది. అందులో నూనె తుంపర, నీటి ఆవిరి, పెట్రోలు ఆవిరి కలిసి ఉంటాయి. దాన్ని బయటికి వదలకూడదు, లోపల ఉంచకూడదు. కాబట్టి వాల్వు కవరు నుంచి ఒక గొట్టం దాన్ని మానిఫోల్డు కింద దాగి ఉన్న సెపరేటరుకు తెస్తుంది. అక్కడ వాయువు గిరగిర తిరిగి నూనె విడిపోతుంది. విడిపోయిన నూనె మరో గొట్టం గుండా, నూనె మట్టం చూసే పుల్ల ఉండే డిప్‌స్టిక్ పైపులోకి దిగి, అక్కడి నుంచి కింది సంపులో, అంటే నూనె తొట్టిలో, కలుస్తుంది. నూనె పోగా మిగిలిన వాయువు మూడో గొట్టం ద్వారా మానిఫోల్డులోకి వెళ్లి మళ్లీ మండుతుంది. సెపరేటరు లోపలి పల్చని పొర క్రాంక్‌కేసులో వాక్యూమ్ మితిమీరకుండా చూస్తుంది.

చలిదేశంలో చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఆ నీటి ఆవిరి చల్లబడి నూనెతో కలిసి లేత పసుపు రంగు ముద్ద అవుతుంది. ఇంటి నుంచి బడికి, బడి నుంచి కిరాణా దుకాణానికి నడిచే కారులో ఇంజను పూర్తిగా వేడెక్కదు, ముద్ద కరగదు. అది నూనె దిగే గొట్టాన్ని మూసేస్తుంది, గడ్డ కడితే మరీ ప్రమాదం. దిగాల్సిన నూనె మానిఫోల్డులోకి ఎక్కుతుంది. ముందు పొగ కనబడుతుంది, నూనె తరిగిపోతుంది. మరీ ముదిరితే సిలిండరులో నూనె నిండి ఇంజనే పోతుంది. గొట్టం పగిలితే సంగతి ఇంకో రకం. లెక్కలో లేని గాలి లోపలికి పోయి ఐడిల్ (కారు ఆగి ఉన్నప్పటి ఇంజను వేగం) ఊగుతుంది, పెట్రోలుకు మించి గాలి ఉందని చెప్పే పీ0171, పీ0174 కోడ్లతో ఇంజను దీపం వెలుగుతుంది. నా కారులో ఈ రెండు కోడ్లూ వచ్చాయి. ఆక్సిలరేటరు వదిలినప్పుడు మానిఫోల్డు వైపు నుంచి సన్నని ఈల కూడా వినిపించేది. గొట్టాల్లోకి పొగ ఊది కారే చోటు పట్టే పరీక్ష చేస్తే వాల్వు కవరు గొట్టం మడత దగ్గర పొగ బయటికి వచ్చింది. గరాజు వారు కూలీయే వెయ్యి డాలర్లు దాటుతుందన్నారు. వారి లెక్కను నేను తప్పుపట్టను, పనిలో అంత శ్రమ ఉంది. కిట్టు నాకు నూట యాభై డాలర్ల లోపే పడింది.

పెట్టె విప్పగానే నాకు నచ్చింది కాలర్ల పోత. ప్రతి గొట్టం చివరా రెండు వైపులా నొక్కితే వదిలే ప్లాస్టిక్ కాలరు ఉంటుంది. చవక కిట్లలో ఆ కాలరు లోపలి అంచున పోత మిగులు, అంటే అచ్చు రెండు సగాలు కలిసే చోట లేచే సన్నని గీత, అలాగే ఉండిపోతుంది. అది ఓ-రింగును, అంటే కారకుండా ఆపే రబ్బరు ఉంగరాన్ని, కోసేస్తుంది. ఈ కిట్టులో వేలు పెట్టి చుట్టూ తిప్పి చూశాను, ఎక్కడా గీత తగలలేదు. ఓ-రింగులు ముందే ఎక్కించి, కొద్దిగా గ్రీజు పూసి పంపారు. ఫోము తొడుగు గొట్టం పొడవునా ఎడం లేకుండా అతికి ఉంది. సెపరేటరుకు కూడా తొడుగు ఉంది.

తొడుగు లేని మామూలు కిట్టు ఇంకా చవక, బిగించడమూ తేలిక. టెక్సాస్‌లోనో ఫ్లోరిడాలోనో ఉన్నవారికి అది చాలు. మిషిగన్, మిన్నెసోటా, టొరంటో వైపు ఉన్నవారు మాత్రం ఆ కొద్ది డాలర్లు చూసుకోవద్దు.

ఇక లోపాలు. తొడుగు వల్ల గొట్టం లావైంది, మానిఫోల్డుకూ ఇంజనుకూ మధ్య ఉన్న ఇరుకులో సులువుగా ఒదగదు. ముఖ్యంగా డిప్‌స్టిక్ పైపుకు చేరే గొట్టం. దాన్ని మానిఫోల్డు కిందికి దించాక తగిలించాలని చూస్తే చెయ్యి పట్టదు. సెపరేటరుకు ముందే బిగించి, మానిఫోల్డు దించుతూ దారి చూపించాలి. రెండోది, చల్లని గరాజులో ఈ గొట్టాలు బిర్రుగా ఉంటాయి. వాటిని రాత్రంతా ఇంట్లో ఉంచి, బిగించే ముందు హెయిర్ డ్రయ్యరుతో వెచ్చబెట్టండి. మూడోది, కిట్టుతో ఇచ్చిన సూచనల కాగితం దేనికీ పనికిరాదు. ఏ గొట్టం ఎటు వెళ్తుందో బొమ్మ కూడా సరిగా లేదు. పాతవి తీసేముందే ఫోనులో ఫోటోలు తీసుకోవడం మేలు.

చాలామంది అడిగే ప్రశ్న, మానిఫోల్డు విప్పకుండా, లోపలికి పోయే గాలిని అదుపు చేసే థ్రాటిల్ బాడీ తీసి ఆ సందులోంచి మార్చవచ్చా అని. మార్చినవారు ఉన్నారు. నా సలహా మాత్రం వద్దనే. ఆ దారిలో డిప్‌స్టిక్ పైపు చివర కళ్లకు కనబడదు. ఈ పైపు లోపల నూనె దిగే దారి చాలా సన్నగా ఉంటుంది, అది పూడిపోయి ఉంటే పైన ఎంత కొత్త గొట్టం తగిలించినా నూనె కిందికి దిగదు. మానిఫోల్డు తీశాక పైపును ఊడబెరికి, బ్రేక్ క్లీనరు చల్లి, సన్నని తీగతో పొడిచాను. లోపలి నుంచి నల్లటి చిక్కటి మడ్డి వచ్చింది, కింది కొసన ద్రవం ధారగా పడేదాకా కడిగాను. పైపు అడుగున ఉన్న ఓ-రింగును కూడా మార్చాను. అది కిట్టులో రాదు, ఖరీదు ఒకటి రెండు డాలర్లు.

విప్పడం గురించి వరుసగా అంతా రాయను, కీలకమైనవే చెబుతాను. బ్యాటరీ నెగటివ్ తీగ ముందు తీయాలి, ఎందుకంటే స్టార్టరు మానిఫోల్డు కిందే ఉంటుంది. ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే రైలు మీద టైరు వాల్వు రకానిదే ఒక వాల్వు ఉంది. అక్కడ గుడ్డ పట్టుకుని ఒత్తిడి వదిలించాలి, లైనులో మూడున్నర బార్ల ఒత్తిడి ఉంటుంది. గరాజు తలుపు పూర్తిగా తెరవండి. గరాజులోనే గ్యాసు వాటర్ హీటరు ఉన్నవారు దాన్ని ఆర్పేశాకే పెట్రోలు లైను ముట్టుకోండి. మానిఫోల్డు నట్లకు 11 మిల్లీమీటర్ల సాకెట్టు పడుతుంది. ముందువి చేతికి అందుతాయి. వెనక, కారు ముందు అద్దం వైపు ఉన్నవాటికి పొడవాటి ఎక్స్‌టెన్షను, అయస్కాంతం ఉన్న సాకెట్టు కావాలి. కింద నుంచి మానిఫోల్డును పట్టుకునే బ్రాకెట్టు బోల్టులు మరిచిపోయి పైకి గుంజితే ప్లాస్టిక్ విరుగుతుంది. మానిఫోల్డు లేచిన మరుక్షణం సిలిండరు హెడ్ గాలి రంధ్రాల్లో శుభ్రమైన గుడ్డలు కుక్కేయండి. అందులో ఒక్క నట్టు పడినా హెడ్ విప్పాల్సి రావచ్చు.

పాత వాల్వు కవరు గొట్టం నేను కాలరు నొక్కకముందే అప్పడంలా విరిగింది. విరిగిన అంచు చూస్తే లోపలి గోడ నుంచి బయటికి పగుళ్లు వచ్చాయని తెలుస్తోంది. లోపల నూనె ఆవిరి, బయట ఇంజను వేడి, ఇరవై ఏళ్లు. ఏ కంపెనీ గొట్టమైనా అంతకంటే ఎక్కువ కాలం నిలవాలని ఆశించడం అన్యాయం.

ఇక్కడే నా వృత్తికి సంబంధించిన మాట ఒకటి చెప్పాలి. గొట్టం ఎంత లావు, ఎంత పొడవు అని మాత్రమే చూసి కొనేవారు చాలామంది. లోపల ఏమి ప్రవహిస్తుందో చూసి కొనాలి. రేడియేటరు, హీటరు గొట్టాలు సాధారణంగా ఈపీడీఎం రబ్బరుతో చేస్తారు. వేడి నీటికి, కూలెంటుకు అది భేషైన రబ్బరు, కానీ నూనె తగిలితే ఉబ్బి మెత్తబడిపోతుంది. బ్రీదరు దారిలో హీటరు గొట్టం ముక్క కోసి పెట్టేవారిని చూశాను. కొన్నాళ్లు పనిచేస్తుంది, తర్వాత లోపలి గోడ వాచి దారి మూసుకుంటుంది. రంగురంగుల సిలికాను గొట్టాలు చూడటానికి బాగుంటాయి, వేడిని బ్రహ్మాండంగా తట్టుకుంటాయి. అయితే మామూలు సిలికాను నూనెకు, పెట్రోలుకు ఆగదు. నూనె ఆవిరి పోయే చోట నైట్రైల్ రబ్బరు గాని, ఇంకా వేడి ఎక్కువైతే ఫ్లోరో రబ్బరు గాని ఉండాలి. తీసిన గొట్టంలాంటిదే వెతికి తగిలించండి, అందం కోసం మార్చవద్దు.

అదే సూత్రం తిరగేసి కూలెంటు వైపు కూడా వర్తిస్తుంది. మానిఫోల్డు కింద నీటి పైపులు, హీటరు గొట్టాలు కూడా పోతాయి. ఈ బ్రీదరు కిట్టులో వాటికి సంబంధించినది ఒక్కటీ రాదు. అది నాకు పెద్ద వెలితి అనిపించింది. అమ్మేవారు రెండూ కలిపి ఒకే పెట్టెగా ఇస్తే కొనేవారికి ఎంత మేలు! నేను విడిగా తెప్పించుకున్నవి ఇవి: నీటి పైపుల ఓ-రింగులు, హీటరు గొట్టాలు, మానిఫోల్డు గ్యాస్కెట్లు, థ్రాటిల్ బాడీ గ్యాస్కెట్టు, ఇంజెక్టర్ల ఓ-రింగులు, మానిఫోల్డు వెనక వాక్యూమ్ రంధ్రాలకు తొడిగే చిన్న రబ్బరు టోపీలు. ఆ టోపీలు చిల్లరతో వచ్చేవి. కానీ అవి పగిలినా ఐడిల్ ఊగుతుంది, అవే కోడ్లు వస్తాయి. నా పాత టోపీని వేళ్ల మధ్య నలిపితే పొడి అయింది.

బిగించేటప్పుడు టార్క్ రెంచి వాడండి. ఎం6 (6 మిల్లీమీటర్ల లావు) బోల్టులకు 10, ఎం7 నట్లకు 15, ఎం8కి 22 న్యూటన్ మీటర్లు. మానిఫోల్డు ప్లాస్టిక్‌ది, బలం చూపించే చోటు కాదు.

వాల్వు కవరు దగ్గరి కాలరు సరిగా కూర్చుందో లేదో నా లావు వేళ్లకు తెలియలేదు. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయిని పిలిచాను. తను సన్నని చెయ్యి లోపలికి పోనిచ్చి, కాలరును చుట్టూ తడిమి, బొటనవేలితో నొక్కింది. టక్కుమన్న చప్పుడు నాకూ వినబడింది. "పడింది నాన్నా, ఇప్పుడు తిరగడం లేదు" అంది. నిజంగా పడిందో లేదో తెలుసుకోవడానికి అదే సరైన పరీక్ష: చప్పుడు వినాలి, తర్వాత గొట్టాన్ని వెనక్కి లాగి చూడాలి. ఊడి రాకపోతే కూర్చున్నట్టు.

కూలెంటు దిగింది కాబట్టి మళ్లీ నింపేటప్పుడు గాలి తీయాలి. ఇగ్నిషను ఆన్ చేసి, హీటరు వేడి పూర్తిగా పెంచి, ఫ్యాను తక్కువలో పెట్టి, బ్లీడు స్క్రూ నుంచి బుడగలు ఆగేదాకా నెమ్మదిగా పోయాలి. ఫాస్ఫేటు లేని నీలం కూలెంటు, డిస్టిల్డ్ వాటరు సగం సగం. కుళాయి నీళ్లు వద్దు.

ఇప్పుడు ఫలితం. ఈల పోయింది. ఐడిల్‌లో ముల్లు కదలడం లేదు. కోడ్లు చెరిపాక మళ్లీ రాలేదు. ఇంజను నడుస్తుండగా నూనె మూత తీస్తే ఇదివరకు అరచెయ్యి పీల్చేసేంత వాక్యూమ్ ఉండేది, ఇప్పుడు మూత తేలిగ్గా వస్తోంది. ఒక చలికాలం గడిచాక మూత లోపల చూశాను, పసుపు ముద్ద దాదాపు లేదు. డిప్‌స్టిక్ మీద నూనె గీత రెండు సర్వీసుల మధ్య కొద్దిగానే తగ్గింది. ఈ డబ్బుకు, ఈ శ్రమకు నాకు పూర్తి తృప్తి. అయిదుకు నాలుగున్నర ఇస్తాను. ఆ అర మార్కు కోసింది సూచనల కాగితానికీ, డిప్‌స్టిక్ పైపు ఓ-రింగు కూడా వేయని పిసినారితనానికీ.

కొనేముందు ఒక సంగతి చూసుకోండి. అమెరికాలో 2003 నుంచి అమ్మిన ఈ తరం 325ఐ కార్లలో కొన్నింటికి ఎం54 బదులు ఎం56 ఇంజను ఉంటుంది. కాలిఫోర్నియా, న్యూయార్క్ వంటి రాష్ట్రాల్లో తక్కువ కాలుష్యం కోసం ఇచ్చినవి అవి. వాటిలో సెపరేటరు వాల్వు కవరులోనే కలిసి ఉంటుంది, ఈ కిట్టు వాటికి పనికిరాదు. పాత కారు కొనుక్కున్నవారైతే కారు గుర్తింపు సంఖ్య, అంటే వీఐఎన్‌లోని చివరి ఏడు అక్షరాలు విడిభాగాల కౌంటరులో చెప్పండి, ఏ ఇంజనో వారే చూసి చెబుతారు.