లెక్కలు రోజూ రాయాలా, వారానికోసారా?

చిన్న వ్యాపారంలో లెక్కల పని ఎప్పుడూ వెనకబడిపోతుంది. దాన్ని రోజూ కాస్త కాస్తగా చేసేవాళ్లు కొందరు, వారానికోసారి కూర్చుని ఒకేసారి తేల్చేసేవాళ్లు మరికొందరు.

రోజూ రాస్తే పట్టేది 10, 15 నిమిషాలే. గల్లాపెట్టెలో నగదుకీ పుస్తకంలో మొత్తానికీ తేడా వస్తే ఆ రోజే తెలుస్తుంది. ఎవరికి చిల్లర ఎక్కువిచ్చామో, ఏ ఖర్చు రాయడం మరిచామో ఇంకా గుర్తుంటుంది. నాలుగు రోజులు పోయాక అదే తేడా కనిపిస్తే బుర్ర గోక్కోవడమే. అప్పు మీద సరుకు ఇచ్చేవాళ్లకైతే ఇది మరీ ముఖ్యం, రాయని బాకీ వసూలు కావడం కష్టం. ఇబ్బందల్లా అలసటే. కొట్టు మూసే వేళకి పుస్తకం తెరవబుద్ధి కాదు, ఒక్కరోజు వదిలేస్తే మర్నాడూ వదిలేస్తాం.

వారానికోసారి అయితే సాయంత్రాలు ఇంటివాళ్లకు మిగులుతాయి. ఏడు రోజుల అంకెలు పక్కపక్కన ఉంటాయి కాబట్టి ఏ రోజు అమ్మకం తగ్గిందో చూడటం తేలిక. కానీ రసీదులన్నీ ఒకే కవర్లో పడేసే అలవాటుండాలి, లేదంటే సెలవు రోజు కాస్తా వెతుకులాటకే పోతుంది.

చెల్లింపులన్నీ ఆన్‌లైన్‌లోనే వస్తుంటే వారం పద్ధతి చాలు, బ్యాంకు స్టేట్‌మెంటే సగం పని చేసిపెడుతుంది. అదీ వ్యాపారానికి వేరే ఖాతా ఉంటేనే. ఇంటి ఖర్చులు కూడా అందులోనే కలిస్తే ఏది ఏదో విడదీయడమే పెద్ద టెన్షన్. నగదు ఎక్కువగా చేతులు మారే చోట మాత్రం నా ఓటు రోజువారీకే. అలసట సంగతంటారా, కొట్టు మూశాక కాకుండా అంతకు ముందే, గిరాకీ పలచబడ్డప్పుడు రాసేస్తే సరి.