ఎర్ర మల్చ్ బస్తా విప్పితే

బెంగళూరు నర్సరీల్లో కోకోపీట్ ఇటుకలు, వర్మీకంపోస్టు బస్తాల పక్కనే ఎరుపు, కాఫీ రంగు, నలుపు ముక్కల బస్తాలు కూడా పేర్చి ఉంటున్నాయి. పేరు ‘కలర్డ్ బార్క్ మల్చ్’, అంటే మట్టి తడి ఆరకుండా మొక్కల చుట్టూ పరిచే, రంగు వేసిన బెరడు ముక్కలు. గేటు పక్కన పరిస్తే చూడముచ్చటగా ఉంటుంది, అందులో సందేహం లేదు. మొక్కకి దానివల్ల ఒరిగేదేంటి, డబ్బు ఎక్కడ గిట్టుబాటవుతుంది, ఎక్కడ దండగ అన్నదే చూడాలి.

ముందు ఆ పేరు సంగతి. రంగు వేసిన మల్చ్‌లో చాలాసార్లు బెరడు ఉండదు. బెరడు పుట్టుకతోనే ముదురు గోధుమ రంగు, దానిమీద రంగు సరిగా పట్టదు. తెల్లటి చెక్కకైతే చక్కగా పడుతుంది. ఒక ముక్క తీసి మధ్యకి విరిచి చూడండి. బెరడైతే లోపలా అదే గోధుమ రంగు, పొరలు పొరలుగా ఉంటుంది, గోరుతో గీకితే పెచ్చులూడుతుంది. చెక్కైతే పైన ఎరుపు, లోపల పాలిపోయిన పసుపు, నారల వెంబడి పొడుగ్గా చీలుతుంది. చెక్కయినంత మాత్రాన పనికిరానిదేం కాదు. బెరడు ధర పెట్టి చెక్క కొనకూడదు, అంతే.

రంగు విషమా అని అందరూ అడుగుతారు. ఎరుపు, గోధుమ, పసుపు రంగులకి సాధారణంగా వాడేది ఐరన్ ఆక్సైడ్. మన అరుగులకి పూసే జాజులో ఎరుపు కూడా దానిదే. నలుపుకి కార్బన్ బ్లాక్. ఈ రెండింటి గురించీ పెద్దగా భయపడక్కర్లేదు. అనుమానించాల్సింది రంగు కింద ఉన్న చెక్కని. సరుకు పేర్చే పాత చెక్క ప్యాలెట్లు, ప్యాకింగ్ పెట్టెలు, కూల్చిన ఇళ్ల కలప ఏదైనా యంత్రంలో వేసి ముక్కలు చేయొచ్చు. పురుగు పట్టకుండా రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపిన మందు ఎక్కించిన కలప కూడా అందులో కలిసిపోవచ్చు. అమెరికాలో ఇళ్ల పనులకి ఆ మందు ఎక్కించడం 2003 చివరితో ఆపేశారంటే ఊరికే కాదు. మందు పట్టిన చెక్కకి ఉండే ఆకుపచ్చ ఛాయ రంగు వేశాక కనిపించదు. అందుకని రెండు గుప్పెళ్లు పేపరు మీద పోసి వెతకండి: ప్లైవుడ్ పొరలు, పాత పెయింటు పెచ్చులు, మేకులు. ఒక అయస్కాంతం తిప్పితే స్టేపుల్ పిన్నులు కూడా పట్టుబడతాయి. ఒక్కటి దొరికినా బస్తా వాపసు ఇచ్చేయండి. ఏ కలపో బస్తా మీద రాసి లేకపోతే కరివేపాకు, తులసి, ఆకుకూరల దరిదాపుల్లోకి రానివ్వద్దు.

తర్వాత వాసన. బస్తా మూతి విప్పగానే తడి చెక్క వాసన వస్తే మంచిదే. వెనిగర్‌లాగానో, కుళ్లిన గుడ్డులాగానో ముక్కు పగలగొడితే, తడి మీద గాలాడక లోపల పులిసిందన్నమాట. దాంట్లో ఆమ్లం బాగా ఎక్కువగా ఉంటుంది. అలాగే పరిస్తే ఒకట్రెండు రోజుల్లోనే లేత ఆకుల అంచులు మాడిపోతాయి, జనం ఆ నేరం రంగు మీద వేస్తారు. టార్పాలిన్ మీద పల్చగా ఆరబోసి, రోజూ ఒకసారి తిరగేస్తూ, వాసన పూర్తిగా పోయాకే వాడాలి.

రంగు నిలుస్తుందా లేదా తెలియాలంటే గాజు గ్లాసులో గుప్పెడు ముక్కలు వేసి నీళ్లు పోసి అరగంట ఆగండి. నీళ్లు కాస్త రంగు మారితే సరే. జాజు కలిపినట్టు చిక్కగా ఎర్రబడితే మాత్రం మొదటి వానకే మీ గ్రానైట్ మెట్లు, తెల్ల గోడ అడుగు భాగం ఎర్రబారతాయి. పరిచేటప్పుడు చేతికి గ్లవుజులు, ముక్కుకి మాస్కు, ఒంటికి పాత బట్టలు తప్పనిసరి. పరిచాక కనీసం 24 గంటలు, వీలైతే 48, నీళ్లు తగలకూడదు. రంగు ఆరి చెక్కకి అంటుకోవాలి కదా.

బెంగళూరులో ఆ రెండు పొడి రోజులు దొరకడమే కష్టం. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం జల్లులు, ఆపైన అక్టోబరు దాకా వానలు. డిసెంబరు మంచి అదను: వానలు వెనకబడతాయి, మట్టిలో తడి ఇంకా ఉంటుంది, ఆ తడిని మల్చ్ వేసవికి పట్టి ఉంచుతుంది. ఎండిపోయిన మట్టి మీద పరిస్తే కాపాడేది ఆ ఎండునే. 2024 మార్చిలో నీళ్లకి కటకటలాడినప్పుడు, తాగునీళ్లతో తోట తడిపితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించిన ఊరు ఇది. ఇక్కడ మల్చ్ అందం కోసం కంటే తడి కోసమే ఎక్కువ అవసరం. ఆ పని రంగు లేని మల్చ్ కూడా అంతే చేస్తుంది.

కొనేటప్పుడు కిలోలు కాదు, లీటర్లు చూడండి. తడిసిన చెక్క బరువు తూగుతుంది, కిలో లెక్కన కొంటే నీళ్లకి డబ్బిస్తున్నట్టే. ధరని లీటర్లతో భాగించి రెండు షాపులు పోల్చుకోండి. 50 లీటర్ల బస్తా 2 అంగుళాల మందంలో దాదాపు ఒక చదరపు మీటరుకి, అంటే సుమారు 11 చదరపు అడుగులకి వస్తుంది. గేటు పక్కన 10 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు మడికి 2 అంగుళాలంటే 3 బస్తాలు. 3 అంగుళాలు కావాలంటే నాలుగు పైన కాస్త. అంతకు మించి వద్దు.

పరిచే ముందు కలుపు వేళ్లతో సహా తీయాలి. వయ్యారిభామలాంటి గింజ కలుపుని 3 అంగుళాల మల్చ్ బాగానే ఆపుతుంది, వెలుతురు అందక మొలవదు. తుంగ మాత్రం దేనికీ లొంగదు. గడ్డ నుంచి సూదిలా లేచి ప్లాస్టిక్ షీటునే పొడుచుకొస్తుంది, చెక్క ముక్కలు దానికో లెక్కా! దాన్ని గడ్డలతో తవ్వి తీయాల్సిందే. కింద వీడ్ మ్యాట్ (కలుపుని ఆపే గుడ్డ) వేయమని షాపులో తప్పకుండా చెబుతారు. రాళ్లు పరిచే చోటైతే సరే. చెక్క మల్చ్ కింద అది దండగ: ముక్కలు చివికి మ్యాట్ పైనే మట్టి తయారవుతుంది, కలుపు అక్కడే మొలిచి వేళ్లని గుడ్డలోకి దింపుతుంది. ఇక లాగినా రాదు.

చెక్క మల్చ్ మట్టిలోని నత్రజనిని తినేస్తుందన్న భయం సగమే నిజం. చెక్క చివికేటప్పుడు సూక్ష్మజీవులు నత్రజనిని లాక్కుంటాయి. ముక్కలు పైనే ఉంటే ఆ లాగుడు మట్టి పై పొరకే పరిమితం, మందార, నందివర్ధనం లాంటి లోతు వేళ్ల పొదలకి తెలియను కూడా తెలియదు. మట్టిలో కలిపేస్తే మాత్రం ఆకులు పసుపెక్కుతాయి. కాబట్టి గునపంతో కలపకండి. కొత్త మొక్క పెట్టాలంటే మల్చ్ పక్కకి నెట్టి, నాటి, మళ్లీ సర్దండి. బంతి, చామంతి లాంటి పైవేళ్ల మొక్కలకి ముందు ఒక అంగుళం లోపు వర్మీకంపోస్టు వేసి దానిపైన మల్చ్ పరిస్తే చాలు.

అన్నిటికంటే ఎక్కువ మొక్కల్ని చంపేది కాండం చుట్టూ గుట్ట పోయడం. అపార్ట్‌మెంట్ల ముందు దేవగన్నేరు చెట్లని చూడండి: మొదలు దగ్గర పుట్టలాగా ఎర్ర ముక్కలు, మధ్యలోంచి కాండం. ఆ ముక్కల్ని వేలితో తప్పిస్తే కింద కాండం తొక్క నల్లబడి, నొక్కితే మెత్తగా దిగబడుతుంది. ఎప్పుడూ తడిగా ఉంటే తొక్క కుళ్లుతుంది, బూజు పడుతుంది. పొదకైతే 3 అంగుళాలు, చెట్టుకైతే 6 అంగుళాలు ఖాళీ వదలండి. గిన్నెలా ఉండాలి, గుట్టలా కాదు.

గోడకి, తలుపు చట్రానికి కూడా 6 అంగుళాల ఖాళీ అవసరం. చెదలు మల్చ్ వాసనకి వస్తాయని కాదు, తడి చాటున ఎవరికీ కనిపించకుండా గోడ దాకా చేరతాయని. ఖాళీ జాగా ఉంటే వాటి మట్టి దారి కంటికి కనబడుతుంది. వానాకాలంలో రోకలిబండ పురుగులు, ఆఫ్రికా నత్తలు కూడా కిందే దాక్కుంటాయి. రోకలిబండలతో ఇబ్బంది లేదు, నత్తల్ని మాత్రం రాత్రి టార్చి వేసి గ్లవుజులతో ఏరాల్సిందే.

నీళ్ల దగ్గర ఒక కిటుకు. పైపుతో రెండు నిమిషాలు చిలకరిస్తే ముక్కలు తడిసి నిగనిగలాడతాయి, కింద మట్టి పొడిగానే ఉంటుంది. వేలు రెండు అంగుళాలు లోపలికి గుచ్చి చూస్తేగానీ తెలియదు. డ్రిప్ పైపు ఉంటే మల్చ్ కింద వేయండి, పైన కాదు. వాలు ఉన్న చోట పెద్ద ముక్కలు బెంగళూరు జడివానకి తేలి కాలువ జాలీకి అడ్డం పడతాయి. అలాంటి చోటికి పీచులా చీల్చిన రకం మేలు, మడి అంచు మల్చ్ కంటే 2 అంగుళాలు ఎత్తుండాలి.

రంగుల్లో కాఫీ రంగుకే మా ఓటు. వెలిసినా వికారంగా ఉండదు. ఎరుపు మొదట్లో మహా జోరుగా ఉండి, ఏడాది తిరిగేసరికి పాత ఇటుకపొడిలా తేలిపోతుంది. నలుపు ఎండకి వేడెక్కుతుంది, లేత మొక్కల దగ్గర, టెర్రస్ మీద వద్దు. మార్కులు వేయాలంటే గేటు పక్కన పొదల మడికి 5కి 4, కుండీలకి 2, ఆకుకూరల మడికి సున్నా. కూరగాయలకి ఎండుటాకులే చాలు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఈ ఊరి రోడ్ల పక్కన సంచులకొద్దీ రాలతాయి. ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లు ఆచ్ఛాదన అనేది దీన్నే, ఖర్చు ఊడ్చే శ్రమే.

రంగు వెలిసిందని ఏటా కొత్త బస్తాలు గుమ్మరించడం ఇంకో పొరపాటు. మూడేళ్లకి 6 అంగుళాలు పేరుకుని వేళ్లకి గాలాడదు. ముందు రేక్‌తో తిరగేయండి, కింది రంగు కొంత పైకొస్తుంది. స్కేలు గుచ్చి కొలవండి, 2 అంగుళాల లోపు ఉంటేనే తక్కువైనంత కలపండి. ఇది ఎండితే చితుకుల్లాగే అంటుకుంటుంది కాబట్టి దీపావళికి చిచ్చుబుడ్లు ఆ మడి పక్కన పెట్టొద్దు. కార్తీక దీపాలు పెట్టే తులసి కోట చుట్టూ అసలే పరచొద్దు.